తాత మూసిన కన్నాలు

మా తాతకు కోపం ముక్కు మీద ఉంటుందని అమ్మమ్మ అంటుంది. నేనొప్పుకోను. ఆయన కోపం సుత్తిలో ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న సుత్తి అది. ఏ పాత జీపు షెడ్డులోకి వచ్చినా, ఓనరు చెప్పే కథ పూర్తిగా వినకుండానే దాన్ని తట్టుకుంటూ చుట్టూ తిరుగుతాడు. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు ముసలాడిలా దగ్గుతుంది. చిల్లు మీద లప్పం పూసి రంగేసిన చోటైతే అసలు పలకదు. అలా పలకని చోటు ఒకటి దొరికిందంటే తాత చెవులు ఎర్రబడతాయి.

“ఎవడు వీడు?” అంటాడు.

ఆ ‘వీడు’ ఎప్పుడూ షెడ్డులో ఉండడు. ఎక్కడో, ఎప్పుడో, తుప్పు గీకడానికి బద్ధకించి పైన లప్పం మెత్తి చేతులు దులుపుకుని పోయిన మేస్త్రీ. తాత వాణ్ణి జన్మలో కలవలేదు. అయినా పొద్దునా సాయంత్రం వాడికి తిట్లు అందుతూనే ఉంటాయి. వాడి తల్లి, తండ్రి, చదువు చెప్పిన పంతులు, వాడికి పిల్లనిచ్చిన మామ, ఎవరినీ వదలడు.

వీధిలో అందరూ ఆయన్ను తుప్పు తాత అంటారు. మొహం మీద మాత్రం నేనొక్కదాన్నే అంటాను. “ఆ మనిషి పెళ్లిచూపుల్లో నన్ను కూడా తట్టి చూసే ఉంటాడు, సిగ్గుతో తలొంచుకున్నా గనక నాకు తెలియలేదు,” అంటుంది అమ్మమ్మ.

షెడ్డుకు ముందు ఇనుప షట్టరు. వెనక తలుపు తీస్తే మా వంటిల్లు. గ్రైండరు దుమ్ము వంటింట్లోకి రాకుండా అమ్మమ్మ మధ్యలో ఒక తడి దుప్పటి వేలాడదీస్తుంది. దుప్పటికి అటు నుంచి తాత తిట్లు, ఇటు నుంచి అమ్మమ్మ జవాబులు. నేను రెండు వైపులా తిరిగేదాన్ని గనక నా మీద ఇద్దరికీ అనుమానమే. తొమ్మిదో తరగతి సగంలో బడికి నమస్కారం పెట్టేసి రంగు కొట్టే తుపాకీ పట్టుకున్నాను. పన్నెండేళ్లయింది. రేకు పని ఆయనది, రంగు పని నాది.

మిగతా మేస్త్రీలకూ తాతకూ ఒక తేడా ఉంది. బండి మీద అందరి పనీ తట్టి చూస్తాడు, తన పనిని మాత్రం తట్టడు. ఎప్పుడో తాను అతికిన ముక్క కనిపిస్తే సుత్తి ఎత్తి, దాన్ని దాటించి, అవతల దించుతాడు. “అది నాది. దాన్ని తట్టడమంటే నన్ను నేను అనుమానించుకోవడం,” అంటాడు. దీన్ని ఆయన మర్యాద అంటాడు. నేను పొగరు అంటాను. ఈ కథంతా ఆ పొగరు తెచ్చిన తంటానే.

ఆ ఏడాది వానలు తగ్గాక, పశువుల డాక్టరుగా చేసి రిటైరైన పెద్దావిడ ఒకామె ఒక జీపును తాడు కట్టించి లాక్కొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె కొండ మీది ఊళ్లన్నీ తిరిగింది ఆ జీపులోనేనట. తరవాత ఆఫీసువాళ్లు దాన్ని వేలం వేశారు. అది ఎన్ని చేతులు మారిందో దేవుడికే తెలియాలి. చివరికి ఒక ఇటుకల బట్టీ వెనక దొరికితే కొనుక్కుంది.

“మేస్త్రీగారూ, దీన్ని మళ్లీ కొండెక్కించాలి. నేనే నడపాలి,” అంది.

“ఎక్కిస్తా డాక్టరమ్మా. ముందు దీని ఒంట్లో ఏముందో చూడనివ్వండి,” అని తాత సుత్తి తీశాడు.

పైన మెరిసే ఆకుపచ్చ రంగు. తలుపుల మీద తట్టితే ఒక్క చోటా పలకలేదు. అయస్కాంతం పెడితే జారి కింద పడింది. లోపల ఇనుమే లేదు, అంతా లప్పమే. గీకగా గీకగా రెండు తలుపుల నుంచి బక్కెట్టు నిండా పిండి రాలింది. కాళ్లు పెట్టుకునే చోట రబ్బరు చాప ఎత్తితే కింద రేకు లేదు, షెడ్డు నేల కనిపించింది. తాత దాన్లోంచి తల దూర్చి నన్ను పిలిచాడు. “పిల్లా, ఈ బండికి కిటికీ కింద పెట్టారు, చూడవే!”

అయితే తలుపులూ నేలా ఆయనకు పెద్ద లెక్క కాదు. అసలు కోపం రెండో రోజు వచ్చింది. జీపు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు రెండు పొడవాటి ఇనుప దూలాలుంటాయి. బోలుగా, పెట్టెల్లా ఉంటాయి. బండి బరువంతా వాటి మీదే. వాటి పొట్ట కింద అక్కడక్కడా వేలు దూరేంత కన్నాలుంటాయి. ఆ కన్నాలను ఎవరో ఒక్కటి కూడా వదలకుండా రేకు ముక్కలతో మూసి, చుట్టూ సన్నగా వెల్డింగు చేసేశారు. పని చూడముచ్చటగా ఉంది. తాత ఒక ముక్క కోసి తీసేసరికి లోపల నుంచి ఎర్ర బురద, పొరలు పొరలుగా తుప్పు, ఆయన గుండెల మీద కుమ్మరించినట్టు పడ్డాయి. దూలం గోడ వేలితో నొక్కితే బిస్కెట్టులా విరిగింది.

ఇక చూడాలి ఆయన్ను!

“కన్నం ఎందుకు పెడతాడ్రా కంపెనీవాడు? బుద్ధిలేకనా? లోపలికి చేరిన తేమ బయటికి పోవడానికి! దాన్ని మూసేశాడు ఈ మహానుభావుడు. మనిషికి అన్ని ద్వారాలూ మూసేసి బతకమంటే బతుకుతాడా? లప్పం పూసినవాణ్ణయినా క్షమిస్తా, వాడు సోమరి. వీడు కష్టపడి, చెమటోడ్చి, శ్రద్ధగా చంపాడు బండిని!”

దుప్పటికి అటు నుంచి అమ్మమ్మ అంది. “ఆ చచ్చినవాడికి వినపడదు గానీ నాకు వినపడుతోంది. కాస్త మెల్లిగా తిట్టండి.”

మూడు రోజులు సాగింది ఆ ఊరేగింపు. మొదటి రోజు వాడి చేతులు విరగాలన్నాడు. రెండో రోజు వాడికి సుత్తి పట్టడం నేర్పిన గురువును పట్టుకున్నాడు. మూడో రోజు టీ తాగుతూ కూడా గ్లాసుతో మాట్లాడాడు.

ఇక్కడ నేను చేసిన దొంగపని ఒకటి చెప్పుకోవాలి. వెల్డింగు గీతలో చేప పొలుసుల్లాంటి అలలుంటాయి. అవి వాలిన తీరు చూస్తే చెయ్యి ఎటు నుంచి ఎటు నడిచిందో చెప్పొచ్చు. కుడిచేతివాళ్ల అలలు ఒక వైపు, ఎడమచేతివాళ్లవి రెండో వైపు. ఆ దూలాల మీది అలలు మొదటి రోజే చూశాను. ఎడమచేతివి. మా చుట్టుపక్కల ఎడమచేత్తో వెల్డింగు చేసే మనిషిని నేను ఒక్కణ్ణే ఎరుగుదును, ఆయన నా ఎదురుగా నిలబడి తన గురువును తానే తిట్టుకుంటున్నాడు. వెంటనే చెప్పాల్సింది. కానీ అంత మంచి తిట్లు మళ్లీ దొరుకుతాయా? నోరు మూసుకుని వింటూ కూర్చున్నాను.

నాలుగో రోజు డాక్టరమ్మ వచ్చింది. తాత ఆమెను వంగోబెట్టి దూలం చూపించాడు. మొదటి నుంచి అన్ని తిట్లూ, ఆడవాళ్ల ముందు అనదగినవి ఏరి, మళ్లీ వినిపించాడు. ఆమె కళ్లజోడు సరిచేసుకుని ఆ ముక్కను చాలాసేపు చూసింది.

“మేస్త్రీగారూ, ఇది మీరు చేసిందే కదండీ?”

“ఏంటీ?”

“అప్పట్లో ఇది తెల్ల జీపు. వాగులో బురద దూరుతోందని మా డ్రైవరు మీ షెడ్డుకే తెచ్చాడు. మీ పెట్టె పని చేయించుకొచ్చానని నెల రోజులు గొప్పలు చెప్పుకున్నాడు.”

తాత నవ్వాడు. నవ్వుతూనే మోకాళ్ల మీద కూర్చుని వెల్డింగు గీతను చూశాడు. ఎడమచెయ్యి ఎత్తి ఆ గీత వెంట గాలిలో నడిపాడు. చెయ్యి సరిగ్గా సరిపోయింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

“నీకు తెలుసా?” అని నన్నడిగాడు.

“మొదటి రోజే తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు తిట్టేది నిన్నే అని చెబితే మధ్యలో ఆపేస్తావని.”

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. సుత్తి బల్ల మీద పెట్టి వెళ్లి వంటింట్లో కూర్చున్నాడు. అమ్మమ్మ దుప్పటి పక్కకు తీసి చూసి, మళ్లీ వేసేసింది.

పెట్టె పని అంటే ఏమిటో మర్నాడు ఆయనే చెప్పాడు. అప్పట్లో పెద్ద వానలు. జీపులు వాగులు దాటి వచ్చేవి, దూలాల్లో బురద నిండేది. కంపెనీవాడు బుర్రలేక కన్నాలు వదిలాడనుకున్నాడట ఈయన. కన్నం ఉంటే కదా నీళ్లు దూరేది, మూసేస్తే సరి! మూసేశాడు. బురద దూరడం మానేసింది. డ్రైవర్లు సంబరపడ్డారు. “వందేళ్లు చూసుకోనక్కర్లేదు,” అని తాత రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. ఎండకీ చలికీ ఇనుము లోపల చెమ్మ పడుతుందనీ, బోల్టుల సందుల్లోంచి నీళ్లు దిగుతాయనీ, దిగినవి పోయే దారి లేక అక్కడే మకాం పెడతాయనీ తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది, తెలిసేనాటికి తాను మూసిన కన్నాల సంగతే మరిచిపోయాడు. తన పనిని ఒక్కసారైనా తట్టి చూసుకుని ఉంటే ఇరవై ఏళ్ల కిందే తెలిసేది.

“ఎన్ని బండ్లకు చేశావు తాతా?”

ఆయన తల గోక్కున్నాడు. అమ్మమ్మ దుప్పటి వెనక నుంచి చెప్పింది. “పదకొండు.”

“నీకెలా తెలుసు?”

“పదకొండు మంది డ్రైవర్లకు టీ పెట్టింది నేను కదా? ఒకడికి చక్కెర వద్దు. ఒకడు సాసరులో పోసుకుని ఊదుకునేవాడు. ఒకడు గ్లాసు తిరిగిచ్చేవాడు కాదు, ఇప్పటికీ ఇవ్వలేదు.”

టీ రుచుల్ని పట్టుకుని ఒక్కో బండి ఆచూకీ తీశాం. ఎనిమిది ఎప్పుడో పాత సామానుకు పోయాయి. ఒకటి ఎవరి పెరట్లోనో కోళ్ల గూడైంది. ఒకటి డాక్టరమ్మది. పదకొండోది రోజూ మా షెడ్డు ముందు నుంచే పోతోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పద్నాలుగు మంది పిల్లల్ని ఎక్కించుకుని, నిటారైన దిగుడు రోడ్డు మీదుగా బడికి.

ఆ బండి నడిపే ఆయన్ను పిల్లలు హారన్ మామ అంటారు. మలుపుకు ఒకటి, కుక్కకు ఒకటి, ఖాళీ రోడ్డుకు ఒకటి కొడతాడు. జీపును రోజూ తుడుస్తాడు, తన మొహం ఎప్పుడు తుడుచుకుంటాడో తెలియదు. మంచి మనిషే. సాయంత్రం పిల్లల్ని దించి వస్తుంటే తాత రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. హారన్ మామ సహజంగానే హారన్ కొట్టాడు.

“బండి షెడ్డులో పెట్టు. అడుగు చూడాలి. దూలాలు కుళ్లిపోయి ఉంటాయి,” అన్నాడు తాత.

“ఏ దూలాలు? ఆ పెట్టె నువ్వు కట్టిందే కదా తాతా?”

“నేనే.”

“వందేళ్లు చూసుకోనక్కర్లేదన్నావా లేదా?”

“అన్నా. వాగాను. ఇప్పుడు చెబుతున్నా విను.”

“పోయిన ఏడాది నీ మనవరాలు అడుగంతా నల్ల రంగు కొట్టింది. నువ్వు పక్కనే కుర్చీలో కూర్చున్నావు. తట్టి చూడు తాతా అంటే, అది నా పని, తట్టక్కర్లేదన్నావా లేదా?”

తాత నా వంక చూశాడు. నేను కరెంటు తీగ మీది కాకి వంక చూశాను. ఆ నల్ల రంగు మూడు పూతలు కొట్టాను. అద్దంలా వచ్చిందని మురిసిపోయాను కూడా. తుప్పు మీద లప్పం పూసేవాళ్లను తాత తిడుతుంటే పక్కన నిలబడి నవ్వే నేను, సరిగ్గా ఆ పనే చేశాను, ఇంకా మెరిసేలా.

హారన్ మామ సీటు కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. “ఇదిగో ఫిట్‌నెస్ కాగితం. ముద్ర ఎంత గుండ్రంగా పడిందో చూడు.”

“ఆ ఇచ్చినవాడు కిందికి దూరి చూశాడా?”

“హారన్ కొట్టమన్నాడు. కొట్టాను.”

“అయితే పిల్లల్ని ఆ హారన్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్లు!”

హారన్ మామ మొహం మాడిపోయింది. “తాతా, ఇది బడి ఏడాది నడిమధ్య. ఇప్పుడు బండి ఆపితే పిల్లల్ని వేరే బండికి మార్చేస్తారు. మళ్లీ రారు. నీకు పెద్దతనంతో భయం పట్టుకుంది, ఇంటికెళ్లి పడుకో,” అని, తప్పుకోమని మళ్లీ హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

తాత ఆ ఫిట్‌నెస్ కాగితాలిచ్చే ముద్రల ఆఫీసుకు వెళ్లాడు. కాగితం ఉన్న బండి గురించి ఎవరైనా కాగితం రాసిస్తేనే చూస్తామన్నారు. రాసిచ్చాడు. వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెలదాకా ఆ దూలానికి కూడా ఒక కాగితం రాసిచ్చి ఆగమనండి అని అరిచి వచ్చేశాడు. నాకూ ఒళ్లు మండిపోయింది. జీవితమంతా ఆయన ఎవరెవరో లప్పం పూశారని అరిస్తే ఊరు తలూపింది. తన తప్పు తానే చెప్పుకుంటుంటే మాత్రం ముసలాడికి మతి పోయిందంటోంది.

మర్నాడు పొద్దున ఆయన డాక్టరమ్మ జీపు నుంచి మూరెడు దూలం కోశాడు. పాత గోనెలో చుట్టాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

“ఎక్కడికి?”

“బడి గేటుకు.”

“అక్కడ అందరి ముందూ ఏం చెబుతావు? నీ పరువు?”

“పరువు పద్నాలుగు మంది పిల్లల కింద కట్టి ఉంది. తీసుకురావాలి, పద.”

మేము వెళ్లేసరికి పిల్లలు దిగుతున్నారు. తల్లులు, నానమ్మలు, తాతయ్యలు గేటు దగ్గర గుంపుగా ఉన్నారు. తాత గోనె విప్పేసరికి ఒకావిడ, “మాకేం వద్దు తాతా, మొన్ననే కొన్నాం,” అంది. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం దూలం ముక్కను గేటు స్తంభానికి ఆనించి, రెండు చేతులతో నొక్కాడు. అది కరకరమని నలిగి, ఎర్రటి పొడిగా గడప మీద కుప్పపడింది.

“ఇది నేను కట్టింది. మంచి మేస్త్రీ అని మీరు పేరు పెట్టుకున్న నేను. తెలివి ఎక్కువై కన్నాలు మూశాను, లోపల కుళ్లింది. ఆ జీపు కింద కూడా నేను ఇదే కట్టాను. ఆ దిగుడులో ఇది విరిగితే బండి రెండు ముక్కలవుతుంది. చూడనివ్వమంటే చూడనివ్వడం లేదు.”

ఒక తండ్రికి కోపం వచ్చింది. “అంటే తప్పు మీదే! మీ తప్పుకు మమ్మల్ని భయపెడతారేంటి పొద్దున్నే?”

“తప్పు నాదే. అందుకే వచ్చా. ఇంకెవడిదైనా అయితే ఇంట్లో కూర్చుని తిట్టుకునేవాణ్ణి.”

ఇంతలో బడి పెద్ద పంతులమ్మ బయటికి వచ్చింది. దూలం వంక చూడలేదు, జీపు వంక చూడలేదు. గడప వంక చూసింది. “ఈ చెత్త ఏమిటి? పిల్లల బూట్లకు అంటుకుంటుంది. ఊడ్చేసి వెళ్లండి,” అని చీపురు తెప్పించింది. తాత చీపురు అందుకుని, నడుము వంచి, తన తుప్పును తానే ఊడ్చాడు. అంతమంది చూస్తూ నిలబడ్డారు, ఒక్కరూ చేతి సాయానికి రాలేదు. ఆ చీపురు తీసుకుని ఎవరి మీద తిరగెయ్యాలో తెలియక పళ్లు నూరుకున్నాను. ఈయనేమో మూలల్లో కూడా శుభ్రంగా ఊడుస్తున్నాడు. అక్కడా పని సరిగ్గా ఉండాలి మహానుభావుడికి!

అప్పుడు ఒక నానమ్మ తన మనవడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “సాయంత్రం నా పిల్లాణ్ణి ఆ బండెక్కించను. నడిచి వస్తాం,” అంది. పక్కావిడ, “మేమూ,” అంది. హారన్ మామ సీట్లోంచి దూకాడు.

“సరే! ఇప్పుడే పోదాం షెడ్డుకు. రావాలనుకున్నవాళ్లు రండి. అందరి ముందూ చూద్దాం. ఏమీ లేకపోతే నువ్వు షట్టరు దించెయ్యాలి తాతా. మళ్లీ ఎత్తకూడదు.”

“దించేస్తా.”

ఆ జీపు దూలం గట్టిగా ఉంటే మా షెడ్డు పోతుంది. గట్టిగా లేకపోతే ఇన్నాళ్లూ పిల్లలు దేని మీద కూర్చున్నారో తలుచుకోవాలి. ఏది కోరుకోవాలో తెలియలేదు.

జాకీలు పెట్టి బండి లేపాం. ఐదారుగురు వచ్చి షట్టరు దగ్గర నిలబడ్డారు. నల్ల రంగు గీకడం నా వంతు. ఏ ఓనరూ ఎప్పుడూ మెచ్చుకోని నా రంగు ఆ రోజు పట్టిన పట్టు వదల్లేదు. గీకే రేకు అరిగింది, గోళ్లు విరిగాయి. దూలం బయటపడ్డాక తాత సుత్తి ఎత్తాడు. చెయ్యి అలవాటు కొద్దీ తన అతుకు దాటి అవతలికి వెళ్లబోయింది. ఆపాడు. వెనక్కి తెచ్చి, కళ్లు మూసుకుని తట్టాడు.

ఖంగుమంది.

హారన్ మామ చప్పట్లు కొట్టాడు. తాత రెండు జానలు జరిగి మళ్లీ తట్టాడు. ఖంగుమంది.

“విన్నారా? విన్నారా అందరూ?” అన్నాడు హారన్ మామ.

తాత వెనక్కి పాకాడు. వెనక చక్రం ముందు, డ్రైవరు సీటు కిందికి వచ్చే చోట తట్టాడు. పలకలేదు. మళ్లీ తట్టాడు. ఉలకలేదు. చెయ్యి చాచి, “స్క్రూడ్రైవరు,” అన్నాడు. ఇచ్చాను. నొక్కాడు. అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగగానే ఎర్రటి నీళ్లు సన్నటి ధారగా ఆయన మోచేతి మీదుగా కారి, ఉతికిన చొక్కాలోకి పోయాయి. వానలు ఆగి రెండు నెలలైంది.

హారన్ మామ వంగి చూశాడు. తన వేలు ఆ కన్నంలో పెట్టి చూసుకున్నాడు. మెల్లిగా వచ్చి మా గడప మీద కూలబడ్డాడు.

“మా చిన్నది నా పక్క సీట్లోనే కూర్చుంటుంది తాతా,” అన్నాడు.

తాత జీపు కింద నుంచే తిట్టడం మొదలుపెట్టాడు. ఈసారి పేరు పెట్టి మరీ, తన పేరే. అమ్మమ్మ దుప్పటి పక్కకు తీసి వచ్చి హారన్ మామకు టీ ఇచ్చి, బండి కిందికి వంగి, “ఇక చాల్లెండి. నేను కట్టుకున్నవాణ్ణి అన్ని మాటలంటే నేనూరుకోను,” అంది.

డాక్టరమ్మ జీపు పక్కకు జరిగింది. “నా పశువులు ఇన్నేళ్లు ఆగాయి, కొండ ఇంకో నెల ఆగుతుంది,” అందామె. రెండు దూలాలూ పూర్తిగా కోసి కొత్తవి కట్టడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. పిల్లలు వేరే బండికి మారలేదు. హారన్ మామ రోజూ వాళ్లను రెండు వరసల్లో నిలబెట్టి దిగుడు రోడ్డంతా నడిపించుకుని వెళ్లాడు. మలుపు వస్తే నోటితోనే పాంపాం అనేవాడు. ముద్రల ఆఫీసు నుంచి ఈలోగా ఒక ఉత్తరం వచ్చింది. బండికి కాగితం సక్రమంగా ఉన్నందున ఫిర్యాదు మూసివేయడమైనదట. తాత దాన్ని మడిచి, కదులుతున్న బల్ల కాలి కింద పెట్టాడు.

బండి ఇవ్వాల్సిన పొద్దున హారన్ మామ పద్నాలుగు మందినీ వెంటబెట్టుకుని షెడ్డుకే వచ్చేశాడు. పిల్లలు బిలబిలమంటూ ఎక్కి కూర్చున్నారు. మామ ముందుగా హారన్ సరిచూసుకున్నాడు. తరవాత కిందికి వంగి అడిగాడు.

“తాతా, ఈసారి ఎన్నేళ్లు వస్తుంది?”

“నాకేం తెలుసు? ఏడాదికోసారి తెచ్చి నా చేత తట్టించు. తేకపోతే చీపురు పట్టుకుని గేటు దగ్గరికి వస్తా.”

అంతా అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన చేతిలో సన్నటి తీగ ఉంది. ఒక్కో కన్నంలోకి దూర్చి, తిప్పి, బయటికి తీసి, లెక్క పెట్టుకుంటూ పాకుతున్నాడు. నాలుగో దాని దగ్గర ఆగిపోయాడు.

“పిల్లా! ఇటు రా!”

“ఏంటి తాతా?”

“ఈ కన్నంలో నీ రంగు గడ్డకట్టింది. ఏం, సరిపోలేదా మనకు? మళ్లీ ముప్పై ఏళ్ల తరవాత నీ మనవరాలు నిన్ను చూసి నవ్వాలా?”

“బడి టైమైంది తాతా. సాయంత్రం తీస్తాలే.”

“సాయంత్రం కాదు. తీగ అవతలికి వచ్చేదాకా ఈ బండి కదలదు!”

దూరంగా బడి గంట మోగింది. పిల్లలు ఆలస్యమైందని కేరింతలు కొట్టారు. మామ వాళ్లను గదమాయిస్తున్నాడు, అమ్మమ్మ మామను గదమాయిస్తోంది. నేను ఉతికిన బట్టలతోనే వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగాను. తాత తీగ నా చేతిలో పెట్టి, అది ఎటు తిప్పాలో చెబుతూ, తిప్పినదల్లా తప్పని తిడుతూ, నా మొహం మీద రంగు పెచ్చులు పడకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.